గోడకు అవతలి ఇల్లు

మా ఆవిడ నన్ను మొదటిసారి చూడవలసిన రోజున నన్ను చూడలేదు, మా గోడను చూసింది. ముందుగదిలో పెద్దవాళ్ళంతా కూర్చుని మాట్లాడుకుంటుంటే లేచి వెళ్ళి, కిటికీ పక్కన గోడ మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, "ఇక్కడ ఇదివరకు తలుపుండేది కదండీ?" అని అడిగింది. ఉండేది. నేను పుట్టకముందే మా నాన్న మూయించేశాడు. మా అమ్మకు కాస్త మండింది. "అమ్మాయీ, నువ్వు చేసుకోబోయేది మా వాణ్ణా, మా గోడనా?" అంది. అందరూ పగలబడి నవ్వారు. ఆవిడ మాత్రం నవ్వకుండా, "మూసిన తలుపు మీద పూత సరిగ్గా వేయలేదండీ, చెమ్మ దిగుతుంది" అంది. ఆ ఏడు వానలకు అక్కడ చెమ్మ దిగింది. అప్పటికి మా పెళ్ళి అయిపోయింది.

వాళ్ళ నాన్న తాపీమేస్త్రి. చిన్నప్పుడు ఆయన వెనకాలే తిరిగి, బోలు గోడకూ నిండు గోడకూ చప్పుడులో తేడా పట్టడం నేర్చుకుంది. చదువయ్యాక ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో చేరింది. అక్కణ్ణుంచి టెలిఫోన్ తీగల పనికి, ఆ తీగల కాలం చెల్లాక ఫైబర్ పనికి వచ్చింది. మా చుట్టాలకు ఆవిడ ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ తెలియదు. "ఏదో ఇంటర్నెట్ కంపెనీలో" అని సరిపెట్టుకుంటారు. అలా అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది కాబట్టి ఇక్కడ కాస్త వివరంగా చెబుతాను.

ఫైబర్ అంటే గాజుతో తీసిన పోగు, వెంట్రుకంత. దాని లోపల వెలుగు పరిగెడుతుంది. వీధి చివరి పెట్టె నుంచి భవనంలోకి వచ్చి, అంతస్తులన్నిటినీ కలిపే నిలువు సందులోంచి పైకెక్కి, ఇంటికో పోగుగా చీలిపోతుంది. మూల తిరిగే చోట దాన్ని గట్టిగా వంచితే లోపలి వెలుగు బయటికి కారిపోతుంది. అందుకని కేబుల్ లాగేవాళ్ళూ పోగులు అతికేవాళ్ళూ రాకముందే ఒక మనిషి ఇల్లిల్లూ తిరిగి, గోడలు చూసి, ఏ దారిన రావాలో గీసి ఇవ్వాలి. అందరికంటే ముందు వెళ్ళే ఆ మనిషి మా ఆవిడ.

ఏ ఇంటికి వెళ్ళినా ఆవిడది ఒకటే పద్ధతి. బెల్లు కొట్టి ఒక అడుగు వెనక్కి వేసి నిలబడుతుంది, తలుపు తీసినవాళ్ళు బెదరకుండా. లోపలికి వెళ్ళాక, ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఎవరు ఎక్కడ ఎక్కువసేపు కూర్చుంటారు అని అడుగుతుంది. తర్వాత పెన్సిలుతో గోడల మీద గుర్తులు పెడుతుంది. చిన్న సున్నా అంటే అక్కడ గోడకు చిల్లు వేయాలి. బాణం అంటే కేబుల్ అటు తిరగాలి. పొట్టివి రెండు నిలువు గీతలంటే అక్కడ ఎప్పుడూ ఒక మనిషి కూర్చుంటాడని. ఈ రెండు గీతలు మరే సర్వేయరూ పెట్టరు, అది ఆవిడ సొంతం. "వెలుగు మనిషి దగ్గరికి రావాలి గానీ ఖాళీ మూలకి వచ్చి ఏం చేసుకుంటుందండీ?" అనేది. ఆఫీసులో ఆవిణ్ణి గోడక్క అంటారు. ఆవిడ గీసిన దారి తప్పిందని ఒక్కరంటే ఒక్కరు అనగా నేను వినలేదు.

నాకు మిక్సీలూ ఫ్యాన్లూ బాగుచేసే షాపుంది. ముక్కు మీద కోపం కూడా ఉంది. మాకు పిల్లల్లేరు. ఇద్దరమే కాబట్టి ఒకరినొకరు సాధించుకోవడానికి తీరిక ఎక్కువ.

మొదటి గుర్తు నాకు ఇప్పుడుంటున్న మా ఫ్లాటు వీధితలుపు పైన కనబడింది, బల్బు మారుద్దామని స్టూలు ఎక్కినప్పుడు. చిన్న సున్నా, దాని పక్కన కుడికి తిరిగిన బాణం.

"ఇంట్లో కూడా మొదలెట్టావా?" అని అరిచాను. "ఊళ్ళో గోడలు చాలలేదా?"

వంటగదిలోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, తలెత్తి చూసింది. "నేను పెట్టలేదండీ" అంది.

"మరి నేను పెట్టానా?"

"నేనెందుకు పెడతాను? మన లైను ఎప్పుడో వచ్చేసిందిగా. అదిగో, బాల్కనీ వైపు నుంచి." నిజమే, ఆ లైను ఆవిడే గీసి వేయించింది. "ఇది ఎవరో ఉన్న లైను చూడకుండా, ఇల్లు కొత్తగా చూసి పెట్టారు" అంది.

ఆవిడకు అబద్ధం ఆడడం చేతకాదు. చేతనైతే మా కాపురం ఇంకాస్త సుఖంగా ఉండేది. అందుకని నేను నమ్మాను. స్టూలు మీద నిలబడే తడిగుడ్డతో ఆ గుర్తు తుడిచేశాను. ఆవిడ కింద నిలబడి, "ఎవరో గానీ పని తెలిసినవాడేనండీ. నేను పెట్టినా అక్కడే పెడతాను" అంది, మెచ్చుకుంటున్నట్టు.

కొన్నాళ్ళకు అది మళ్ళీ వచ్చింది, వెంట్రుకవాసి తేడా లేకుండా అదే చోట. ఈసారి దానితో ఆగలేదు. బాణం చెప్పిన వైపే వెతుక్కుంటూ వెళితే హాల్లో స్తంభం మూల మీద ఒకటి, వంటగది గుమ్మం పక్కన ఒకటి, పడకగదిలో బీరువా వెనక ఒకటి దొరికాయి. అది పెట్టాలంటే బీరువా జరపాలి. నేల మీద కొత్త గీరు ఉంది. జరిపినవాళ్ళు తిరిగి ఉన్నచోటే పెట్టి, దాని మీది దుప్పట్లు కూడా సర్ది వెళ్ళారు. ఇంట్లో ఒక్క చెంచా పోలేదు. పోయి ఉంటే నాకు ఇంకా ధైర్యంగా ఉండేది. దొంగకి ఏం కావాలో తెలుసు కదా. వీడికి ఏం కావాలి?

ఆ రోజు ఆవిడ గోడల వెంట నెమ్మదిగా నడుస్తూ, చదువు చెబుతున్నట్టు ఒక్కొక్క గుర్తూ నాకు విడమరిచింది. నేను రోజూ కూర్చునే కుర్చీ వెనక ఆగిపోయింది. అక్కడ గోడ మీద, నా తల ఆనే చోటికి కాస్త పైగా, పొట్టివి రెండు నిలువు గీతలు ఉన్నాయి.

"ఈ గుర్తు నీది కదా?" అన్నాను.

"నాదే. నన్ను చూసి నేర్చుకున్నాడేమో." కిటికీ దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆవిడ కుర్చీ ఉంది, సాయంత్రాలు అందులో కూర్చునే కూరలు తరుగుతుంది, నన్ను తిడుతుంది, కునుకు తీస్తుంది. ఆ గోడ పైనుంచి కిందిదాకా చూసింది. చేత్తో తడిమింది. తర్వాత నావైపు తిరిగింది.

"ఇక్కడ ఏమీ లేదండీ. వాడి లెక్కలో ఈ ఇంట్లో ఒక్కరే ఉంటారు. మీరు."

ఆవిడ చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

ఆ తర్వాత ఆవిడకు నిద్ర పట్టడం మానేసింది. ఇంటికి రాగానే చెప్పులు కూడా విప్పకుండా గోడలన్నీ చూసుకునేది. "ఇల్లు మారిపోదామండీ. మనమేం చేశాం వాడికి? మన ఇంటినెందుకు కొలుస్తున్నాడు?" అని ఒకటే పాట. ఇరవై ఏళ్ళుగా ఎవరి ఇంటికి వెళ్ళినా జంకని మనిషి తన ఇంట్లో తాను అడుగు తీసి అడుగు వేయడానికి భయపడుతోంది. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు నా ఇంట్లోంచి నా భార్యను వెళ్ళగొడుతున్నాడు. వాడు దొరకాలి, ఆవిడ మళ్ళీ ఆ కిటికీ దగ్గర నిశ్చింతగా కూర్చోవాలి. నాకు అంతకుమించి ఇంకేమీ అక్కర్లేదు.

తాళం మార్చాను. కొత్త తాళానికి రెండు తాళంచెవులు. ఒకటి నా జేబులో, ఒకటి ఆవిడ సంచిలో. గుర్తులు మళ్ళీ వచ్చాయి.

ఎదురింటి పిన్నిగారిని అడిగాను. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, రోజంతా ఇంట్లోనే ఉంటుంది, చెవులు మాత్రం పాముచెవులు.

"నేనే అడుగుదామనుకుంటున్నా బాబూ" అంది. "మధ్యాహ్నం పూట మీ ఇంట్లో బెల్లు మోగుతుంది. మీరిద్దరూ ఉండరు కదా, ఎవరు చెప్మా అనుకుంటా. కాసేపాగి మళ్ళీ మోగుతుంది. ఆ తర్వాత తలుపు తీసిన చప్పుడు."

"పగలగొట్టి తీసినట్టా?"

"కాదు బాబూ, మామూలుగానే. లోపల్నించి ఎవరో వచ్చి తీసినట్టు. మోకాళ్ళు పట్టుకుని నేను తలుపు దాకా వచ్చేసరికి ఎవరూ ఉండరు. మీ తలుపు మూసే ఉంటుంది."

"దొంగ బెల్లు కొట్టి వస్తాడా పిన్నిగారూ?"

ఆవిడ గొంతు తగ్గించింది. "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నీ షాపులో పనిచేసేవాళ్ళు ఎవరైనా తాళం అచ్చు తీయించారేమో చూసుకో."

నా షాపులో పనిచేసేవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ మాట చెప్పి వచ్చేశాను. కానీ ఎవరూ లేని ఇంట్లో బెల్లు మోగడం, మోగించినవాళ్ళు మర్యాదగా ఆగడం, ఆ తర్వాత తలుపు తెరుచుకోవడం ఆ రోజంతా నా బుర్రను వదల్లేదు.

ఆ వారంలోనే అతుకులాయన నా షాపుకు వచ్చాడు. గాజుపోగులను ఒకదానికొకటి అతికే పని అతనిది. మా ఆవిడతో చాలా ఏళ్ళుగా కలిసి పనిచేస్తున్నాడు. ఆవిణ్ణి అక్కా అంటాడు కాబట్టి నేను బావగారిని. మామూలుగా వచ్చీరాగానే నా షాపు దుమ్ము మీద ఒక జోకు వేస్తాడు. ఆ రోజు వేయలేదు. స్టూలు మీద కూర్చుని, బాగుచేయని మిక్సీ మూత ఒకటి తీసుకుని తిప్పుతూ ఉండిపోయాడు.

"అక్క మీద చాడీలు చెప్పడానికి వచ్చాననుకోకండి బావగారూ. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ముందు మీ దగ్గరికే వచ్చాను."

"నాన్చకుండా చెప్పు."

సంచిలోంచి ట్యాబ్ తీసి ఒక భవనం ప్లాను తెరిచాడు. "ఇది బైపాసు పక్కన కొత్తగా కట్టింది. మూడో అంతస్తులో వరండా చివర అక్క ఒక ఇల్లు గీసింది. మేం లైను లాక్కుంటూ వెళ్తే అక్కడ గోడ ఉంది."

"గోడ ఉంటే ఆగిపోవాలి కదయ్యా?"

"గీసింది గోడక్క బావగారూ! అవతల ఏదో ఉండే ఉంటుందనుకున్నాం. రేపు కట్టబోయే ఇళ్ళకి కూడా ముందే ఒక పోగు వేయించి ఉంచడం అక్క అలవాటు. అందుకని గోడకి పెట్టె బిగించి, పోగు అతికి, వచ్చేశాం. ఒక్కరం కూడా అవతలికి వెళ్ళి చూడలేదు." తల గోక్కున్నాడు. "మొన్న వేరే పని మీద భవనం వెనక్కి వెళ్ళి పైకి చూశాను. ఆ గోడకి అవతల ఏమీ లేదు. గాలి."

"పొరపాటు పడి ఉంటుంది. మనిషే కదా."

"నేనూ అదే అనుకున్నాను. తర్వాత మిగతావి తీసి చూశాను." వేలితో ఒక్కో ప్లానూ జరుపుతూ పోయాడు. "ఇందులో లిఫ్టు సందు ఉన్నచోట. ఇందులో నీళ్ళ ట్యాంకు మీద. ఇక్కడైతే మెట్ల మధ్య. ఈమధ్య అక్క చేసిన ప్రతి భవనంలోనూ లేని ఇల్లు ఒకటి ఉంది. అది కూడా ఒకటే ఇల్లు బావగారూ. అవే గదులు, అవే కొలతలు. ఎవరిదో మీకేమన్నా తెలుసా?"

అద్దాలు పెట్టుకుని చూశాను. హాలు మూలను కొరికేసిన స్తంభం. సగం మూసేసిన వంటగది కిటికీ. బాల్కనీ తలుపు తెరిస్తే తగిలే సన్నటి గట్టు, దానికి నా కాలి వేలు తగలని వారం లేదు. నా కుర్చీ ఉన్నచోట రెండు నిలువు గీతలు. కిటికీ దగ్గర ఏమీ లేవు.

"తెలీదు" అన్నాను. ఎందుకలా అన్నానో అప్పుడు ఆలోచించలేదు. "ఆ గోడ ఒకసారి నాకు చూపించు."

షాపు మూసేసి అతని బండి మీదే వెళ్ళాను. కొత్త భవనం, ఇంకా సున్నం వాసన పోలేదు. మూడో అంతస్తు వరండాకు రెండువైపులా తలుపులు, వాటి ముందు చెప్పులు, ఒక మొక్క, ఒక పిల్లల సైకిలు. చివరికి వెళ్ళేసరికి గోడ. నున్నగా పూత వేసి, రంగు వేసిన మామూలు గోడ. దానికి కుడిపక్కన, తలుపు ఉంటే బెల్లు ఉండే ఎత్తులో, అరచేతంత తెల్లటి పెట్టె బిగించి ఉంది. అతుకులాయన దాని మూత తీసి, పోగు కొసను తన మీటరుకు తగిలించాడు. అంకెలు వెలిగాయి.

"వస్తోంది బావగారూ. వెలుగు ఇక్కడిదాకా బాగానే వస్తోంది. మన కంటికి కనబడదంతే."

నేను గోడ మీద చెయ్యి వేశాను. ఆవిడలా రెండుసార్లు తట్టాను. నాకు గోడల భాష తెలియదు. కానీ ఆ వరండాలో అలా నిలబడి ఉంటే, నా ఇంటి తలుపు బయట నేనే నిలబడ్డట్టు అనిపించింది. ఎవరో వచ్చి తీస్తారేమోనని కాసేపు ఆగాను కూడా. ఈ మాట చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అయినా ఆగిన మాట నిజం.

పక్కింటి తలుపు తెరుచుకుంది. చేతిలో పసిపిల్లతో ఒకావిడ తొంగిచూసింది.

"లైను వాళ్ళా? మీ మేడమ్ గారికి ఇప్పుడెలా ఉందండీ?"

"ఏ మేడమ్?" అన్నాడు అతుకులాయన.

"మొన్న వచ్చారు కదా, మెళ్ళో కార్డు వేసుకుని. ఈ గోడ దగ్గరే చాలాసేపు నిలబడిపోయారు. ఏం కావాలండీ అని అడిగితే, తాళం పట్టడం లేదమ్మా అన్నారు. చేతిలో తాళంచెవి ఉంది. గోడకి పెట్టి తిప్పుతున్నారు." పిల్లను భుజం మార్చుకుంది. "నాకు భయమేసి తలుపేసుకున్నాను. తర్వాత పాపం అనిపించి తీస్తే, అప్పటికి వెళ్ళిపోయారు."

అతుకులాయన నావైపు చూడలేదు. మీటరు సంచిలో పెట్టుకోవడానికి చాలాసేపు తీసుకున్నాడు.

తాళం మార్చాక రెండే తాళంచెవులు. ఒకటి నా జేబులోనే ఉంది. గుర్తులు పెట్టిన చెయ్యి ఎవరిదో ఆవిడే మొదటిరోజున చెప్పింది, "నేను పెట్టినా అక్కడే పెడతాను" అని! చిన్నపిల్లాడికి కూడా తట్టే లెక్క నాకు ఇన్నాళ్ళు తట్టలేదు. తట్టలేదంటే అబద్ధం, దాన్ని నేనే దగ్గరికి రానివ్వలేదు. బయటివాడైతే తన్ని తరిమేయవచ్చు. ఇప్పుడు ఎవరిని తరమను?

ఆ సాయంత్రం ఆవిడ మామూలుగానే ఇంటికి వచ్చింది. మామూలుగానే గోడలు చూసుకుంది. "ఇవాళ కొత్తవేం లేవు కదా?" అని అడిగింది. లేవన్నాను. "మీరేంటి, గొంతులో వెలక్కాయ పడ్డట్టు అలా ఉన్నారు?" అంది. షాపులో పని ఎక్కువైందన్నాను. కిటికీ దగ్గర కూర్చుని, నా చొక్కాకు ఊడిన గుండీ కుట్టింది. దారం కొరికి, "ఇంత మనిషికి ఒక గుండీ నిలవదు" అని తిట్టింది. ఆ తిట్టు విని నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఆవిడ ఉంది, ఇదిగో, ఇక్కడే ఉంది అనుకున్నాను. చెప్పాలనుకున్నది చెప్పలేకపోయాను.

మర్నాడు షాపుకు వెళ్తున్నట్టే బయలుదేరి, ఆవిడ వెళ్ళిపోయాక తిరిగి వచ్చాను. తలుపు వేసుకుని నా కుర్చీలో కూర్చున్నాను. మధ్యాహ్నపు ఎండ బాల్కనీ గట్టు దాటి లోపలికి వచ్చింది. ఎదురింటి పిన్నిగారి రేడియో ఆగిపోయింది. రాకూడదని కోరుకున్నాను. ఇంకెవడైనా రావాలని, కత్తి పట్టుకుని వచ్చినా సరే, ఎవడో ఒకడు రావాలని కోరుకున్నాను.

బెల్లు మోగింది.

తలుపు తీశాను. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసి నిలబడి ఉంది. పొద్దున నా ముందే కట్టుకున్న చీర, మెళ్ళో ఆఫీసు కార్డు, చేతిలో పెన్సిలు.

"నమస్కారమండీ. ఫైబర్ లైను సర్వేకి వచ్చాను. ఇదివరకు కూడా వచ్చాను గానీ మీరెవరూ లేరు. ఈ ఇంటి తాళంచెవి ఎందుకో నా దగ్గరే ఉంది, వాచ్‌మన్ ఇచ్చి ఉంటాడు. చూసుకుని వెళ్ళిపోయాను. ఏమీ అనుకోకండి."

ఆ కళ్ళల్లో నా కోసం వెతికాను. మర్యాద ఉంది. పనిమీద వచ్చిన మనిషికి ఉండే చిన్న తొందర ఉంది. ఇంకేమీ లేదు.

"రండి" అన్నాను. ఇన్నేళ్ళలో ఆవిణ్ణి ఆ మాట అనడం అదే మొదలు.

చెప్పులు గుమ్మం బయటే విడిచి వచ్చింది. కొలత యంత్రం తీసి మీట నొక్కింది. దాని ఎర్రచుక్క గోడ మీద పాకుతూ, స్తంభం దాటి, వచ్చి నా చొక్కా మీద ఆగింది, నిన్న కుట్టిన గుండీ పక్కన. "కాస్త జరుగుతారా?" అంది. జరిగాను. ఆవిడ కొలుచుకుంది.

"నన్నెక్కడైనా చూసినట్టుందా మీకు?" అని అడిగాను. ఆవిడ తలతిప్పి, నన్ను నొప్పించకూడదన్నట్టు కాస్త ఎక్కువసేపే చూసింది.

"రోజూ ఎన్నో ఇళ్ళు తిరుగుతామండీ. మొహాలు గుర్తుండవు. కానీ ఈ గోడలు..." స్తంభం మీద తట్టింది. "ఈ గోడలు ఎక్కడో చూశాను. ఇక్కడ ఎవరో ముందే గుర్తులు పెట్టారే! ఎవరండీ వచ్చింది?"

"మా ఆవిడ."

"ఆవిడకి ఈ పని తెలుసా?"

"ఆవిడ కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు."

"అదీ అనుకున్నాను, చాలా శుభ్రంగా పెట్టారు." సంతోషంగా నవ్వింది. ఆ నవ్వు నాదే, పెళ్ళైన కొత్తల్లో నా జోకులకు నవ్విన నవ్వు. "అయితే ఇంట్లో మీరొక్కరే కాదన్నమాట?"

"ఇద్దరం."

"ఆవిడ ఎక్కడ కూర్చుంటారు?"

కిటికీ దగ్గర కుర్చీ చూపించాను. వెళ్ళి, గోడ మీద పొట్టివి రెండు నిలువు గీతలు పెట్టింది, నిదానంగా, చెయ్యి వణక్కుండా. పెన్సిలు సంచిలో పెట్టుకుంది. పని అయిపోయింది, ఇక వెళ్ళిపోతుందని నా ప్రాణం గిలగిలలాడింది. వెళితే ఎక్కడికి వెళుతుంది? ఏ గోడ దగ్గర నిలబడుతుంది?

కానీ ఆవిడ కదల్లేదు. "ఆవిడ ఎప్పుడొస్తారండీ?" అంది.

"సాయంత్రానికి వచ్చేస్తుంది."

"నేను ఉండనా అయితే? ఆవిణ్ణి ఒకటి అడగాలి. ఈమధ్య నాకు కొన్ని ఇళ్ళకి దారి సరిగ్గా అందడం లేదు. ఎవరికీ చెప్పలేదు. ఇంత బాగా గుర్తులు పెట్టే మనిషికి తెలుస్తుందేమో."

"ఉండండి" అన్నాను. "తప్పకుండా ఉండండి."

కిటికీ దగ్గర కుర్చీ వీపు మీద చెయ్యి వేసి ఆగింది. "ఇందులో కూర్చుంటే ఆవిడేమీ అనుకోరు కదా?"

"అనుకోదు."

కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది, పరాయి ఇంట్లో కూర్చునేవాళ్ళు పెట్టుకున్నట్టు. నేను నా కుర్చీలో కూర్చున్నాను. మెట్ల మీద ఎవరి అడుగుల చప్పుడు వినబడినా ఆవిడ ఆశగా తలుపు వైపు చూస్తోంది. నేనూ చూస్తున్నాను.